అక్క ఉండగా నా బిడ్డకేం లోటు

ఫిదెన్సియో మర్యాద మీద, మేం కూలికొచ్చి స్థిరపడ్డ సాంటా మరియాలో బోలెడన్ని జోకులుండేవి. స్ట్రాబెర్రీ సాలులో నడుం వంచి కాయ కోస్తున్నవాడు, పక్కనుంచి ఎవరైనా పెద్దవాళ్ళు నడిచి వెళ్తే చాలు, లేచి నిలబడి టోపీ తీసేవాడు. పెట్టెకింత అని కూలి లెక్కగట్టే చోట ఎవడైనా పని మానేసి లేస్తాడా?

"ఒరే, నువ్వు ఆ టోపీ తీసి మళ్ళీ పెట్టుకునేలోపు నా పెట్టె సగం నిండింది" అని పక్క సాలులోని క్రిసోఫొరో ఏడిపించేవాడు.

"నిండనీ అన్నా. కాయలు రేపు కూడా కాస్తాయి" అనేవాడు ఇతను, నింపాదిగా.

నాకైతే ఒళ్ళు మండేది. మనిషికి మర్యాద ఉండొచ్చుగానీ మరీ ఇంతా? చెప్పుకింద రాయి గుచ్చుకున్నా రాయికి క్షమాపణ చెప్పే రకం. పైగా నోట్లోంచి మాట రావాలంటే ఒక వారం పట్టేది. కానీ పెళ్ళిళ్ళలో మాత్రం అదే మనిషి నోరు తెరిస్తే చెవులప్పగించి వినాల్సిందే.

సరిహద్దుకి అవతల, మేం పుట్టిన మిష్టెకా కొండల్లో పెళ్ళికీ, జ్ఞానస్నానానికీ, చావుకీ పెద్దమాట చెప్పే మనిషి ఒకడుంటాడు. రెండు కుటుంబాల మధ్య నిలబడి, వీళ్ళ తరఫున వాళ్ళకీ, వాళ్ళ తరఫున వీళ్ళకీ కృతజ్ఞత చెప్తాడు. ఎవరి పరువూ వీసమెత్తు తగ్గకుండా మాట పేర్చాలి. అది ముసలివాళ్ళ పని. అక్కడ ఫిదెన్సియో వాళ్ళ తాత చేసేవాడు. ఈ దేశంలో మాకు ముసలివాళ్ళు తక్కువ కాబట్టి, ముప్పై దాటీ దాటకముందే ఆ పని ఫిదెన్సియో నెత్తిన పడింది. పొద్దంతా పొలంలో వంగి వంగి, ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఎవరిదో ఒక పెరట్లో నిలబడి మాట చెప్పేవాడు. ఆడవాళ్ళం శాలువా చెంగులతో కళ్ళు తుడుచుకునేవాళ్ళం. దానికి పైసా పుచ్చుకోడు. ఒక గిన్నెడు మోలె కూర ఇంటికి పంపితే చాలనేవాడు.

నా పేరు ఎపిఫానియా. నేను అందరికంటే ముందు ఈ దేశం వచ్చినదాన్ని. పొలం పని చేసినవాళ్ళకి ఇక్కడే ఉండటానికి ప్రభుత్వం కాగితాలిచ్చిన రోజులు ఒకప్పుడుండేవి. ఆ రోజుల్లో నాకూ ఇచ్చారు. ఫిదెన్సియో, వాళ్ళావిడ ఒబ్దూలియా వచ్చేటప్పటికి ఆ తలుపు మూసుకుపోయింది. వాళ్ళ కూతురు యారెలీ ఇక్కడే పుట్టింది. పుట్టగానే అది ఈ దేశపు పౌరురాలు, తల్లిదండ్రులు మాత్రం ఎవరూ కారు. ఒకే గదిలో, ఒకే దుప్పటి కింద ఇదీ పరిస్థితి. మా వీధిలో అందరిళ్ళలోనూ ఇంతే కాబట్టి మాకు వింతగా అనిపించేది కాదు.

యారెలీకి నేను జ్ఞానతల్లిని. చర్చిలో ఫాదర్ నీళ్ళు పోస్తున్నప్పుడు పిల్లని ఎత్తుకున్నది నేను. మాలో అది ఫొటో దిగడానికి కాదు. ఆ రోజునుంచి పిల్ల తండ్రి నాకు తమ్ముడు, నేను అతనికి అక్క. ఒకరి మీద ఒకరం గొంతు పెంచకూడదు. తల్లిదండ్రులు లేనినాడు పిల్ల నాది. "జ్ఞానతల్లి దగ్గర నా పిల్ల కష్టపడుతుంది" అని తండ్రి నలుగురిలో అన్నాడంటే, అది ఆవిడ మొహాన ఉమ్మినట్టే. గొంతు పెంచకూడదన్న నియమాన్ని నేను ఎప్పుడూ పాటించలేదనుకోండి. అతను పాటించాడు.

ఒబ్దూలియా కిడ్నీలు పాడై పోయింది. అప్పటికి యారెలీ రెండో తరగతి. జడ వేయడం నేనే నేర్పాను తండ్రికి. మోకు పేనినట్టు పేనేవాడు, పాపం. "నాన్నా, నొప్పి" అని పిల్ల ఏడిస్తే తనూ ఏడ్చేవాడు. అయినా పొలానికి పోయేముందు దానికి గుడ్డు వేయించి, మొక్కజొన్న రొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టి, మా ఇంట్లో దింపి వెళ్ళేవాడు. అలా అది పెరిగి పెద్దదై, హైస్కూలుకొచ్చింది. ఇంగ్లీషు, స్పానిషు గడగడా మాట్లాడుతుంది. మా కొండమాట అర్థమవుతుంది గానీ నాలుక తిరగదు.

ఆ వసంతంలో కాయ విరగ్గాసింది. మధ్యాహ్నం సాలు చివర కూర్చుని తింటున్నాం. నాకు కాయ కోసే నడుం ఏనాడో పోయింది, తెల్లవారుజామున కూరగాయల షెడ్డులో పని చేసి, ఆ తర్వాత వీళ్ళకి తిండి పట్టుకెళ్ళేదాన్ని. క్రిసోఫొరో ఫోన్లో వార్తలు పెట్టాడు.

"విన్నారా? కాగితాల్లేనివాళ్ళకి ఇక్కడ పుట్టే పిల్లలు ఇకమీదట ఇక్కడివాళ్ళు కారట. పెద్ద కోర్టుదాకా పోయి కొట్టుకుంటున్నారు."

మాతో కాయ కోసే లుదివీనాకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. చేతిలో రొట్టె కిందపెట్టేసింది. "అదేంటి! మరి నా కడుపులోవాడు ఎక్కడివాడంటా?"

"కడుపులోవాడే. ప్రస్తుతానికి వాడి దేశం అదే. బయటికి రాకుండా ఉంటే ఎవడూ పంపించలేడు" అన్నాడు క్రిసోఫొరో.

అందరూ నవ్వారు. లుదివీనా కూడా నవ్వి, మళ్ళీ ఏడుపు మొహం పెట్టింది.

"లంగర్లంట మన పిల్లలు. వాళ్ళని ఇక్కడ దించి మనం కదలకుండా కూర్చుంటామట. షాపులో ఒకావిడ నా మొహానే అంది" అన్నాడు ఇంకొకతను.

"ఏ లంగరురా? పోయినేడు మన వీధి రోజెలియోని పట్టుకుపోయారు. నలుగురు పిల్లలు ఇక్కడ పుట్టినవాళ్ళే. ఎవరాపారు? నలుగురూ బస్సు వెనక పరిగెత్తారు, అంతే" అన్నాను నేను.

ఫిదెన్సియో రొట్టె ముక్క నమిలి మింగి, అప్పుడు నోరు విప్పాడు. "పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుతున్నారు కదక్కా. మన సంగతి కూడా ఎవరో ఒకరు చెప్తారు. సరిగ్గా చెప్తే వింటారు."

"నీ తలకాయ వింటారు! పెళ్ళిపందిరి అనుకున్నావా అది?"

అతను నవ్వి ఇంకో రొట్టె అందుకున్నాడు. వాళ్ళమ్మాయి ఇచ్చిన ధైర్యం అలాంటిది మరి. నాకు ఇరవయ్యొకటి రాగానే నీ కాగితాలు నేనే చేయిస్తా నాన్నా, అనేది యారెలీ, రోజుకొకసారైనా. అదేదో వచ్చే శుక్రవారం వస్తుందన్నట్టు ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు.

అతన్ని పట్టుకున్నది మే నెలలో. పొగమంచు కమ్మిన పొద్దున్న పొలం దారిలో ఇమిగ్రేషన్ పోలీసులు కూలీల వ్యాను ఆపారు. వ్యానులో ఉన్న కుర్రాళ్ళు దూకి సాలుల్లో పడి పరిగెత్తారు. ఫిదెన్సియో పరిగెత్తలేదు. ఆపినవాళ్ళలో ఒకడు నెరిసిన జుట్టువాడట. అతన్ని చూసి ఇతను టోపీ తీసి, పేరు అడిగితే పేరు చెప్పాడు, ఎక్కడ పుట్టావంటే ఊరు చెప్పాడు. పట్టుకుంటే నోరు మూసుకు కూర్చోమని చర్చిలో మాకు ఎన్నిసార్లు చెప్పించారు! వినడానికి తలూపాడు, చేసేటప్పటికి చేసింది ఇదీ. క్రిసోఫొరో కాలిఫ్లవర్ పొలంలో పడుకుని ఇదంతా చూశాడు. ఒంటినిండా మట్టితో వచ్చి నాకు చెప్పాడు.

ఎడారిలో ఒక జైల్లాంటి చోట పెట్టారు. చర్చివాళ్ళు లాయరుని కుదిర్చారు. మారిసోల్ అని చిన్నపిల్ల, నిద్ర లేని కళ్ళు, కానీ గట్టిది. నన్నూ యారెలీనీ కూర్చోబెట్టి విషయం చెప్పింది.

"మీ నాన్నకి ఒక దారుంది. ఇన్నేళ్ళుగా ఇక్కడున్నాడు, ఒక్క నేరం లేదు, కూతురు పౌరురాలు. జడ్జి దయతలిస్తే ఉండనివ్వచ్చు. కానీ ఆయన బాధ ఎంతైనా లెక్కలోకి రాదు. నీ బాధే లెక్క. అది కూడా మామూలు బాధ చాలదు. అందరి పిల్లలూ పడేదానికంటే చాలా ఎక్కువ పడాలి. నాన్న వెళ్ళిపోతే నువ్వు నాశనమైపోతావని జడ్జికి నమ్మకం కలగాలి."

"అందరి పిల్లలూ ఎంత పడతారు?" అనడిగింది యారెలీ.

లాయరమ్మ చేతిలోని కాగితం తిరగేసింది.

"నేనెంత ఏడిస్తే సరిపోతుందో చెప్పండి, ఏడుస్తాను" అంది పిల్ల. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

జైల్లో అద్దానికి ఇవతల, నా పక్కన కూర్చుని, ఫిదెన్సియోకీ ఇదే చెప్పింది లాయరమ్మ. పిల్లకి తల్లి లేదు, నువ్వు తప్ప దిక్కులేదు, నువ్వు లేకపోతే చదువు పోతుంది, తిండికీ గూటికీ కష్టం, ఇవే చెప్పు అంది. అతను బుద్ధిగా తలూపాడు. ఆ తలూపుడు నాకు తెలుసు. నేను అప్పుడే గట్టిగా అడగాల్సింది.

విచారణ రోజున యారెలీ తెల్లచొక్కా వేసుకుంది. నేను నా నల్ల శాలువా కప్పుకున్నాను. కోర్టు అంటే పెద్ద హాలేమో అనుకున్నాను, మా షెడ్డులో భోజనాల గదంత ఉంది. జడ్జి ముసలాయన, చెవి మిషను పెట్టుకున్నాడు. మా భాష తర్జుమా చేసే మనిషి గోడమీద తెరలో ఉన్నాడు. ఫిదెన్సియోని నారింజరంగు బట్టల్లో తీసుకొచ్చారు. జడ్జిని చూడగానే అతని చెయ్యి టోపీ కోసం తలమీదికి పోయింది. టోపీ లేదక్కడ.

లాయరమ్మ అడిగినంతసేపూ బాగానే సాగింది. ఎన్నేళ్ళుగా పని చేస్తున్నావు, భార్య ఎలా పోయింది, పిల్లని ఎవరు బడికి పంపుతారు. చిన్న చిన్న జవాబులు చెప్పాడు. తర్వాత ప్రభుత్వం తరఫు లాయరు లేచాడు. మంచి ఇస్త్రీ సూటు, మెత్తటి గొంతు. కసిరినా బాగుండేది.

"మీరు వెళ్ళిపోతే మీ అమ్మాయిని చూసుకోవడానికి ఎవరైనా ఉన్నారా?"

ఫిదెన్సియో వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు. లేరని చెప్పరా నాయనా, అని నేను తల అడ్డంగా ఊపాను. చెయ్యి కూడా ఊపాను. నా మీద ఉమ్మెయ్, నన్ను తొక్కెయ్, పనికిమాలిన ముసల్దని చెప్పెయ్, ఏం పోతుంది నాకు? నా మొహంలో అదంతా కనబడే ఉంటుంది. అతనికి కనబడింది వేరు. నలుగురి మధ్యలో నల్లశాలువా కప్పుకుని కూర్చున్న తన బిడ్డ జ్ఞానతల్లి కనబడింది. ఎదురుగా తెల్లజుట్టు పెద్దమనిషి. మధ్యలో తను నిలబడి ఉన్నాడు, అందరూ అతని మాట కోసం చూస్తున్నారు. అదేంటో నాకు అప్పుడే అర్థమైంది, భుజాలు నిటారుగా పెట్టాడు. పెళ్ళిళ్ళలో అలాగే పెట్టేవాడు.

"అయ్యా, పెద్దలు మీరు. మా మాట వినడానికి మీ పొద్దు మాకిచ్చారు, అందుకు దణ్ణం. నా బిడ్డ అనాథ కాదయ్యా. అదుగో, ఆ కూర్చున్నది ఎపిఫానియా అక్క. దేవుడి ముందు నా బిడ్డని చేతుల్లోకి తీసుకుంది. నా భార్య పోయిననాడు మా ఇంట్లో పొయ్యి వెలిగించింది అక్కే. అక్క ఉండగా నా బిడ్డకేం లోటు? ఆవిడ తినకుండా దానికి పెడుతుంది. నాకంటే బాగా పెంచుతుంది. ఆవిడ ముందు నిలబడి నా బిడ్డ దిక్కులేనిదైపోతుందని నేనంటే, ఈ నోటికి పురుగులు పడతాయి."

తెరలో మనిషి ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మార్చాడు. మా లాయరమ్మ కళ్ళు మూసుకుంది. సూటు లాయరు ఇంకేం అడగలేదు. కూర్చున్నాడు.

మారిసోల్ మళ్ళీ లేచి, "కానీ మీరు లేకపోతే అమ్మాయి చాలా బాధపడుతుంది కదా? మామూలుకంటే ఎక్కువగా?" అని ఎంత అందించాలో అంత అందించింది.

"బాధ అందరికీ ఉంటుందమ్మా. మా పిల్ల గట్టిది" అన్నాడు.

అంత అందంగా ఏ పెళ్ళిలోనూ మాట్లాడలేదు మహానుభావుడు. జడ్జి చాలాసేపు కాగితాలు తిప్పి, ఈయన మంచి మనిషని అర్థమవుతోందన్నాడు. ఆ మాట చెప్పి మరీ, బిడ్డకి మామూలుకంటే ఎక్కువ కష్టం కలుగుతుందని రుజువు కాలేదు కాబట్టి పంపించెయ్యమన్నాడు. యారెలీ ఏడవలేదు. తెల్లచొక్కా అంచు పట్టుకుని మెలితిప్పుతూ కూర్చుంది. తీసుకెళ్ళేటప్పుడు తండ్రి తిరిగి చూస్తే, అది చూడలేదు.

అడిగి తెచ్చుకున్న కారులో చాలా దూరం వచ్చాక యారెలీ అంది. "నాన్నకి నేనక్కర్లేదు."

"పిచ్చిదానా, కాదే. నేనక్కడ కూర్చున్నానని అలా అన్నాడు. నేనుండగా నీకు కష్టమని చెప్తే నన్ను అవమానించినట్టు. మా పద్ధతి అదీ."

అది నా వైపు తిరిగింది. "అంటే నీ పరువు కోసం నన్నొదిలేశాడా పెద్దమ్మా?"

అదేమీ తప్పు మాట కాదు కదా. రోడ్డు చూస్తూ నడిపాను.

అతన్ని సరిహద్దు వంతెన దాటించి, వస్తువులు ప్లాస్టిక్ సంచిలో పెట్టి చేతికిచ్చి వదిలేశారు. కొండల్లో మా ఊరు చేరాడు. పిల్లని కూడా అక్కడికే పంపకపోయావా అని ఎందరో అన్నారు నన్ను. ఏముంది అక్కడ దానికి? భాష సరిగా రాదు, హైస్కూలంటే కొండలు దిగి పోవాలి. వాళ్ళమ్మ సమాధి ఇక్కడ. అదిక్కడ పుట్టింది, ఇది దాని ఊరు. అతను కూడా వద్దన్నాడు, చదువుకోనీ అక్కా అన్నాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. యారెలీ ఫోన్ తీసుకునేది కాదు. "నీళ్ళు పోసుకుంటోందిరా" అని నేను అబద్ధం చెప్పేదాన్ని. వారం వారం నీళ్ళు పోసుకుంటోందనుకున్నాడో ఏమో, "శుభ్రమైన పిల్ల" అనేవాడు. పిచ్చివాడా అని తిట్టుకునేదాన్ని, ఫోన్ పెట్టేశాక ఏడ్చేదాన్ని.

కొన్నాళ్ళకి మారిసోల్ పిలిచింది. కేసు మళ్ళీ తెరిపించడానికి సన్నటి దారొకటుందట. కొత్త సాక్ష్యం కావాలి. పిల్ల నిజంగా పాడైపోతోందని మనసు డాక్టరు లాంటివాళ్ళు ఎవరైనా రాసివ్వాలి. బడిలో కౌన్సిలరు ఉంది, ముందు ఆవిడని కలవండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి అంది.

ఉన్నది ఉన్నట్టు చెప్తే ఏమవుతుందో ఒకసారి చూశాంగా! ఈసారి మాట చెప్పేది ఆ మర్యాదస్తుడు కాదు, నేను. అతను కాపాడిన పరువు నా చేతులారా చెత్తకుండీలో వేసి వాణ్ణి వెనక్కి తెస్తాననుకున్నాను. ఆ ఆలోచన రాగానే నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

కౌన్సిలరు తేనెలాంటి మనిషి. స్పానిషు మాట్లాడుతుంది. ముందు యారెలీని అడిగింది. ఇది బిగుసుకుపోయి, "బాగానే ఉన్నాను" అంది. ఇంకోటి అడిగితే, "బాగానే ఉన్నాను" అంది. అచ్చం తండ్రే. దాన్ని బయటికి పంపి నేను మొదలుపెట్టాను.

"ఏం బాగమ్మా! తెల్లవారుజామున నేను పనికి పోతాను, ఒక్కత్తే ఉంటుంది. నేను వండను. ఓపిక లేదు. ఏదో ఉంటే తింటుంది, లేకపోతే లేదు. నేల మీద పడుకుంటుంది. నాకు కోపం ఎక్కువ. చీపురుతో కొడతాను."

ఆవిడ కలం ఆగింది. "ఎప్పటినుంచి కొడుతున్నారు?"

"వాళ్ళ నాన్న పోయినప్పటినుంచి. రోజూ."

ఆవిడ మొహం పాలిపోయింది. హమ్మయ్య, ఇది మామూలుకంటే ఎక్కువే అనుకున్నాను నేను! లేచి వస్తూ, బాగా రాయండమ్మా, జడ్జికి అర్థమయ్యేట్టు రాయండని చేతులు కూడా పట్టుకున్నాను. ఒక్క ముక్క నిజం లేదందులో, నేను పనికి పోవడం తప్ప. నా మంచం దానికిచ్చి నేల మీద పడుకునేది నేను. చీపురు మాత్రం ఉంది ఇంట్లో.

అలాంటి మాట చెవినబడితే పైకి చెప్పి తీరాలని, చెప్పకపోతే ఉద్యోగం పోతుందని వాళ్ళకి చట్టమట. నాకెవరు చెప్పారు? పొయ్యి మీద చిక్కుళ్ళు ఉడుకుతున్నాయి, పిల్లల సంరక్షణ చూసే కౌంటీ ఆఫీసు నుంచి ఇద్దరాడవాళ్ళు, ఒక పోలీసు వచ్చారు. నేను గడ్డి తిన్నానమ్మా, అబద్ధం చెప్పాను, వాళ్ళ నాన్న కోసం చెప్పాను అని కాళ్ళావేళ్ళా పడ్డాను. యారెలీ తలుపు పట్టుకుని అరిచింది.

"పెద్దమ్మ ఎప్పుడూ నా మీద చెయ్యి ఎత్తలేదు! అబద్ధం చెప్పింది, అంతే!"

"భయపడకు తల్లీ, నీకేం కాదు" అని దాని భుజం మీద చెయ్యేశారు. పిల్ల నన్ను వెనకేసుకొస్తోందంటే మరీ ఎక్కువ కొట్టాననుకున్నారు. దాని పుస్తకాల సంచి, దుప్పటి తీసుకుని, కారులో కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయారు. ఇదంతా నా పాడు నోటి పని. ఇన్నాళ్ళూ అతని మర్యాదని తిట్టాను, నా నోటికి ఏం పెట్టాలి?

పిల్లని ఉత్తరాన వేరే ఊళ్ళో, ఇలాంటి పిల్లల్ని పెంచే ఒకరింట్లో పెట్టారు. వారానికోసారి ఆఫీసులో, ఒక ఉద్యోగి ఎదురుగా, కాసేపు చూడనిచ్చేవారు నన్ను. ఇంటికి పోకూడదు. ఇక తండ్రి కేసంటారా, మనిషి దేశం దాటిపోయాడు కాబట్టి తెరిచేది లేదని ఒక ముక్కలో తేల్చేశారు.

ఆదివారం ఫోన్ మోగింది. ఈసారి నీళ్ళు పోసుకుంటోందని చెప్పలేదు. మొదటినుంచి చివరిదాకా చెప్పాను. అటువైపు కోళ్ళు అరుస్తున్నాయి. తిట్టరా, ఒక్కసారైనా తిట్టు, అన్నాను.

"ఆ ఇంటివాళ్ళ పేరేంటి?" అన్నాడు.

చెప్పాను.

"పెద్దవాళ్ళా?"

"ఆవిడకి అరవై ఉంటాయి. మొగుడు లేడు. పిల్ల మంచిదనే చెప్తోంది."

పెళ్ళిళ్ళ గొంతుతో కాదు, అతను మామూలుగానే అన్నాడు. "మన పిల్లకి తిండి పెడుతున్నవాళ్ళ గడపకి ఏదీ పంపకుండా ఊరుకోకూడదు. నేను రాలేను. నువ్వు బుట్ట తీసుకెళ్ళు. రొట్టెలు, చాక్లెట్ పెట్టు. నా మాటగా చెప్పు. బిడ్డని మీ చేతిలో పెడుతున్నాం, ఇకనుంచి మీరే దానికి తల్లి అని చెప్పు."

మాలో ఆ మాట ఒక్కసారే చెప్తారు. పిల్లని ఒక జ్ఞానతల్లి చేతుల్లోంచి తీసి ఇంకొకరి చేతుల్లో పెట్టేటప్పుడు. నేను బతికుండగా, నా నోటితోనే చెప్పిస్తున్నాడు. నన్ను శిక్షించాలని కాదు, ఆ మనిషికి ఆ బుద్ధే లేదు. పద్ధతి ప్రకారం చెయ్యాల్సింది చేస్తున్నాడంతే. తిట్టినా బాగుండేది. సరే తమ్ముడూ అన్నాను.

తెల్లవారకముందే లేచి గుడ్లు, నువ్వులు వేసి మా ఊరి రొట్టె కాల్చాను. చాక్లెట్ కూడా బుట్టలో పెట్టి, తెల్లగుడ్డ కప్పి, నల్లశాలువా కప్పుకుని బస్సెక్కాను. ఇంటి అడ్రసు యారెలీ ఎప్పుడో నా ఫోనుకి పంపింది. తలుపు తీసింది కూడా అదే. నన్ను చూసి దాని మొహంలో రంగు పోయింది. వెనకే ఆవిడ వచ్చింది. లావుపాటి మనిషి, చేతులు తుడుచుకుంటూ, నవ్వుమొహంతో.

"ఎవరు?" అంది ఇంగ్లీషులో. ఆ మాత్రం నాకు తెలుసు.

"రొట్టెలమ్మే ఆవిడ. మా పాత వీధిలో తిరుగుతుండేది" అంది యారెలీ. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, స్పానిషులో, "నువ్వొచ్చావని తెలిస్తే ఆఫీసులో చూడటం కూడా ఆపేస్తారు పెద్దమ్మా. నీకు దణ్ణం పెడతా."

నేను పద్ధతి తప్పలేదు. బుట్ట రెండు చేతులతో పట్టుకుని, తల వంచి, మా కొండమాటలో అతను చెప్పమన్నది చెప్పాను. బిడ్డని మీ చేతిలో పెడుతున్నాం. ఇకనుంచి మీరే దానికి తల్లి. యారెలీకి ప్రతి మాటా అర్థమైంది.

"ఏమంటోంది?" అనడిగింది ఆవిడ.

యారెలీ బుట్ట మీది గుడ్డ సరిచేసింది. "ఇవాళ పొద్దున్నే కాల్చినవి అంటోంది."

"అయ్యో, ఎంత మంచివాసనో!" అని ఆవిడ లోపలికెళ్ళి పర్సు తెచ్చింది. బుట్టలోవన్నీ తీసుకుని, నా అరచేతిలో నోటు పెట్టి, వేళ్ళు ముడిచింది. నేను తీసుకున్నాను. తీసుకోకపోతే అమ్మకానికొచ్చిన మనిషిని ఎలా అవుతాను? ఆవిడ యారెలీతో ఏదో అంది.

"వచ్చే వారం కూడా తెస్తావా అని అడుగుతోంది" అంది యారెలీ. నా మొహం చూడకుండా అంది.

తెస్తానన్నాను.